సంగీతవిద్వాంసుని వ్రాతకు పాఠకులెవరు?

పాడువానికి శ్రోతలు కావలయుననుట ఎల్లరును అంగీకరించిన మాట. ఆ గాయకుడే ఒకనాడు తంబురను ప్రక్కనుంచి, కలము చేతబట్టి, తన కళనుగూర్చి నాలుగు మాటలు వ్రాసి, ఆ వ్రాతను చదువువారిని కూర్చుకొనుటకు ప్రయత్నించినచో మనలో పలువురు నొసలు ముడుతురు. "పాడుట విద్వాంసుని పని, ప్రచారము వ్యాపారి పని. వ్రాతలో సారమున్నచో లోకమే వెదకుకొని రాదా?" అని ప్రశ్నింతురు. ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనబడినను దీనిలో ఒక ధర్మసందేహము ఇమిడియున్నది. విద్య గలవాడు దానిని గ్రహింపగలవారికొరకు కాచి కూర్చుండవలెనా, లేక తానే వారిని సిద్ధము చేసికొనవలెనా? చేసికొనవలెనన్నచో ఆ యత్నము ఎంతవరకు ధర్మము, ఎచ్చటినుండి చాపల్యము?

అన్యభాషాప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములకు ఇది కేవలము కాలక్షేపపు ప్రశ్న కాదు. కర్ణాటక సంగీతసభలలో నేడు వినబడు కృతులలో పెద్దభాగము తెలుగు. వానిని పాడువారిలోను, వినువారిలోను పలువురు తెలుగు చదువనేరనివారు. మన ఇండ్లలోని బాలబాలికలు సైతము ఆ కృతులను తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో, ఆంగ్లాక్షరములలోనో వ్రాసికొని నేర్చుకొనుచున్నారు. ఇట్టి స్థితిలో సంగీతమునుగూర్చి తెలుగున వ్రాయబూనిన విద్వాంసుడు "నా పాఠకుడెవడు?" అని తన్ను తాను అడుగుకొనక తప్పదు. ఆ ప్రశ్నకు సమాధానము కొంత అతని చేతిలోను, కొంత మన చేతిలోను ఉన్నది.

మొదట, సంగీతజ్ఞుడు వ్రాయనేల? గానము గాలిలో పుట్టి గాలిలో కలిసిపోవునది. కచేరీలో రెండు మూడు గంటలు విని శ్రోత లేచిపోవును. ఈ రాగములో ఈ స్వరమును ఇంత ఊపవలెనేగాని అంత ఊపరాదనుట, ఈ సంగతి ఈ పదముమీదనే ఏల నిలిచినదనుట, ఈ కృతి గురుపరంపరలో ఎట్లు మారుచు వచ్చినదనుట, ఇవి వేదికపై చెప్పుటకు వీలుకానివి. పూర్వము గురుకులమున శిష్యుడు పది పండ్రెండేండ్లు గురువునొద్దనే మెలగుచు ఈ మాటలన్నియు వినెడివాడు. ఆ వాసము ఇప్పుడు అరుదైపోయినది. వారమునకొక గంట పాఠమున స్వరమును సాహిత్యమును చెప్పుటకే కాలము చాలదు. చెప్పకుండ మిగిలిపోవు ఆ విషయమునకు కాగితమే శరణ్యము. శాస్త్రజ్ఞులు వెలుపలినుండి ఎంత వ్రాసినను, కంఠమున రాగమును మోసినవాడు లోపలినుండి చెప్పునది వేరు. కావున వ్రాయగల విద్వాంసుడు వ్రాయకుండుట వినయమనిపించుకొనదు. ఒక్కొక్కప్పుడది లోభమే యగును.

ఇక వ్రాసినతరువాత పాఠకులను వెదకుట యన్న విషయము. దీనిపై వినవచ్చు ఆక్షేపణలు మూడు. అది ఆత్మస్తుతికి దారితీయునని మొదటిది. వంశధనమైన విద్యను అపాత్రులకు వెదజల్లుట పాపమని రెండవది. మంచి వ్రాత తనంతట తానే పాఠకులను సంపాదించుకొనునని మూడవది. ఈ మూడింటిని గాలిలో వాదించుటకంటె, మనకు తెలిసిన ఒక చరిత్రను ముందుంచుకొని విచారించుట మేలు.

తమిళదేశమున దక్షిణపు కొసన ఎట్టయపురమను సంస్థానముండెడిది. దాని పాలెగాండ్రు తెలుగు మాతృభాషగల వంశమువారు. తమ పూర్వులు చంద్రగిరి ప్రాంతమునుండి వచ్చిరని వారి వంశకథనము. ముత్తుస్వామి దీక్షితులు 1835వ సంవత్సరమున దేహము చాలించినది ఈ ఊరిలోనే. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1882లో జన్మించినదియు ఇచ్చటనే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ సంస్థాన విద్వాంసుడు. ఆయన తన దౌహిత్రుడైన సుబ్బరామ దీక్షితులను దత్తత చేసికొని విద్య గరపెను. 1839లో జన్మించిన ఈ సుబ్బరామ దీక్షితులు తరువాత తానును ఆస్థానవిద్వాంసుడై, వేంకటమఖి సంప్రదాయపు లక్షణములకు, గీతములకు, ముత్తుస్వామి దీక్షితుల కృతులకు వారసుడయ్యెను. అంతటి నిధి ఒక్క ఇంటిలో, ఒక్క కంఠమున, కొన్ని తాళపత్రములలో నిలిచియుండెను.

మదరాసులో చిన్నస్వామి మొదలియారను ఉద్యోగి ఒకడుండెను. ఆయన రోమన్ కాథలిక్ క్రైస్తవుడు. దక్షిణదేశపు కృతులు కాలగర్భమున కలిసిపోకుండ పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయబూని, 1893 ప్రాంతమున ఆ ప్రచురణను సాగించెను. ఆ పనిలో తన ధనమును వెచ్చించెను. కంటిచూపును సైతము చాలవరకు కోల్పోయెను. దీక్షితులయొద్ద ఉన్న నిధి సంగతి తెలిసి, దానిని ప్రకటింపుమని ఆయనను ప్రార్థించినవాడును, ఎట్టయపురపు రాజును ఆ కార్యమునకు పురికొల్పినవాడును ఈయనయే. వంశమున దాచుకొన్న విద్యను అచ్చునకిచ్చుట దీక్షితులకు సులభముగా మనసొప్పిన పని కాదు. తుదకాయన అంగీకరించెను, రాజు వ్యయమును భరించెను. 1904లో ఎట్టయపురముననే 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడెను.

సుమారు 1700 పుటల గ్రంథమది. 72 మేళరాగములను, వాని జన్యరాగములను ఆధారముగా గొని లక్షణశ్లోకములు, గీతములు, తానములు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229, సంచారులు, వాగ్గేయకారుల చరిత్రలు అందు పొందుపరుపబడినవి. కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, వళి, జారు మొదలగు గమకములకు వేర్వేరు గుర్తులను ఏర్పరచి, అక్షరములపై ఆ గుర్తులనుంచి అచ్చువేయించిరి. ఇంతకు అది ఏ భాషయందు వ్రాయబడినది? తెలుగునందు! వ్రాసినవారి ఇంటిభాష తమిళము, అచ్చువేసిన ఊరు తమిళదేశమున మారుమూల, వ్రాయించినవాడు తమిళుడైన క్రైస్తవుడు. అయినను సంగీతమునకు తెలుగే విద్వద్భాషయన్న భావము ఆనాడు సహజముగా నుండెను.

ఈ చరిత్రను మన మూడు ఆక్షేపణలకు ఎదురుగా నిలిపి చూతము.

మంచి వ్రాత తనంతట తానే పాఠకులను సంపాదించుకొనునన్న మాట ఇచ్చట నిలువదు. అంతకంటె సారవంతమైన సంగీతగ్రంథమును చూపుట కష్టము. అయినను అది పుట్టుటకే మొదలియారు ప్రార్థన, రాజు ధనము, అచ్చుకూటపువారి ఓర్పు అవసరమైనవి. పుట్టినతరువాతను దాని దారి సులభముగా లేదు. తెలుగు లిపి రాని తమిళ విద్వాంసులకు అది మూసిన తలుపువలె నుండెను. మదరాసు సంగీత విద్వత్సభ దానిని తమిళ లిపిలోనికి మార్చి అయిదు సంపుటములుగా ప్రకటింప మొదలిడినది 1961లో, ముగించినది 1983లో. అనగా మొదటి ముద్రణకును తమిళ పాఠకుని చేతికి మొదటి సంపుటము వచ్చుటకును నడుమ 57 సంవత్సరములు గడచినవి. ఇటీవల ఆంగ్లానువాదమును వచ్చినది. ఈ ప్రతి మెట్టునను ఎవరో ఒకరు "ఇది చదువవలసినది" అని పూనుకొని, శ్రమించి, ఇంకొకరి చేతికందించిరి. గ్రంథము నడచి రాలేదు, మనుష్యులు మోసికొని వచ్చిరి.

రెండవ ఆక్షేపణ పాత్రాపాత్రములనుగూర్చినది. ఇది తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. విద్యను అర్హునికే ఈయవలెనని మన పెద్దలు చెప్పుటకు కారణము లేకపోలేదు. సగము తెలిసినవాడు సంప్రదాయమును చెరచును. కాని అర్హత పుట్టుకతో వచ్చునా, అభ్యాసముచే వచ్చునా? భవభూతి తన 'మాలతీమాధవ' ప్రస్తావనయందు, తన్ను మెచ్చనివారిని చూచి చింతింపక, కాలము అనంతమనియు భూమి విశాలమనియు తలచి, తనవంటి హృదయము గలవాడు ఎప్పుడో ఎచ్చటనో జన్మించునని ధైర్యము చెప్పుకొనెను. అది గంభీరమైన మాట. అయినను అందు పాఠకునికొరకు కవి చేయవలసిన పని ఏదియు లేదు, వేచియుండుట తప్ప. అభినవగుప్తుడు ఇంకొక విధముగా చెప్పెను. కావ్యములను మరల మరల అనుశీలించుటచేత అద్దమువలె తేటపడిన మనస్సు గలవాడు సహృదయుడని ఆయన నిర్వచనము. అద్దము తుడువగా తుడువగా తేటపడును. అట్లైనచో సహృదయుడు దొరకువాడు మాత్రమే కాడు, తయారగువాడును. అతడు తయారగుటకు సాధనము కావలెను గదా! ఆ సాధనమును సమకూర్పగలవాడు తెలిసినవాడేగాని ఇతరుడు కాడు. "పాత్రులు లేరు" అని విచారించు విద్వాంసుడు పాత్రులను చేయు పనిని తాను విడిచి విచారించుచున్నాడన్నమాట.

సుబ్బరామ దీక్షితులు ఈ ధర్మమును మాటలలో గాక చేతలలో చూపెను. మహాగ్రంథము వెలువడిన మరు సంవత్సరము, 1905లో, ఆయన 'ప్రథమాభ్యాస పుస్తకము' అను పేర ప్రారంభకులకొక చిన్న పుస్తకమును ప్రకటించెను. 1906లో కాలధర్మము నొందెను. ఒక్కసారి ఆలోచింపుడు. అరువదియైదేండ్లు దాటిన వృద్ధుడు, తన పరంపర సర్వస్వమును అప్పుడే లోకమునకు సమర్పించినవాడు, విశ్రాంతి గొనక స్వరములు నేర్చుకొను పిల్లలకొరకు పాఠములు కూర్చుచున్నాడు. పెద్ద పుస్తకమునకు చదువరులు కావలెనన్నచో చిన్న పుస్తకముతో వారిని పెంచవలెను. పాఠకులను సంపాదించుటయన్న పదమునకు ఇంతకంటె నిర్మలమైన అర్థము నాకు తోచదు.

మదరాసున తచ్చూరు సింగరాచార్యులు, చినసింగరాచార్యులు అను సోదరులు 19వ శతాబ్ది ఉత్తరభాగమునుండి తెలుగున ప్రకటించిన 'స్వరమంజరి', 'గాయకపారిజాతము', 'సంగీత కళానిధి', 'గాయకలోచనము' మొదలగు పుస్తకములును ఇట్టి కృషికే చెందినవి. మన పూర్వుల ఇండ్లలో పెట్టె అడుగున పుటలు పసుపుబారిన సంగీతపుస్తకము ఏదైనను ఉన్నచో, అది ఇట్టివానిలో ఒకటియే కావచ్చును. దానిని పారవేయకుండుట మంచిది.

ఉత్తరమునను ఒక సాక్ష్యము కలదు. బొంబాయికి చెందిన విష్ణు నారాయణ భాత్‌ఖండే 1904లో దక్షిణదేశయాత్ర చేసి, ఎట్టయపురమునకు వచ్చి, సుబ్బరామ దీక్షితులను దర్శించెను. వేంకటమఖి మేళపద్ధతి పరిచయము ఆయన హిందుస్థానీ రాగములను పది థాట్లుగా కూర్చుటకు తోడ్పడిన వానిలో ఒకటి. రాజధానినుండి దూరముననున్న ఒక పల్లెపట్టణపు విద్వాంసునికి లభించిన ఈ ఒక్క జిజ్ఞాసువు వేయిమంది కంటె మిన్న యయ్యెను. ఆ భాత్‌ఖండేయే తరువాత తన శాస్త్రమును రెండు విధములుగా వ్రాసెను. పండితులకొరకు 1910లో సంస్కృతమున 'లక్ష్యసంగీతము'ను 'చతురపండితు'డను మారుపేరుతో ప్రకటించెను. సామాన్యులకొరకు మరాఠీలో గురుశిష్యుల సంభాషణరూపమున సంపుటములు వ్రాసెను. శిష్యుడు అడుగును, గురువు చెప్పును, శిష్యుడు మరల సందేహించును. చదువరి తన సందేహమే శిష్యుని నోట వినును. ఒకే విషయమును పండితునికొకరీతిని, సామాన్యునికొకరీతిని చెప్పుట విషయమును పలుచన చేయుట కాదు. ఎవరి ఆకలికి తగిన కబళము వారికిచ్చుట. తన పేరును మరుగుపరచి పాఠకులను వెదకుట సాధ్యమేయని ఆయన సంస్కృతరచన చూపుచున్నది. ఆత్మస్తుతియను మొదటి ఆక్షేపణకు ఇదియే సమాధానము.

అయితే ఆ ఆక్షేపణలోని భయము పూర్తిగా ఆధారము లేనిది కాదు. ఆనాడు పుస్తకము ఎందరు చదివిరో వ్రాసినవానికి తెలియుటకు ఏండ్లు పట్టెడిది. ఈనాడు చేతిలోని ఫోనుమీద వ్రాసిన వాక్యము క్షణములో సముద్రములు దాటుచున్నది. ఎందరు చూచిరో, ఎందరు మెచ్చిరో ఆ ఫోనే అంకెలు వేసి చూపుచున్నది. ఆ అంకెయే ప్రమాదము. ఏ వాక్యమునకు అంకె పెరుగునో ఆ వాక్యమువైపు కలము తనకు తెలియకుండనే మొగ్గును. సాటి విద్వాంసుని ఎగతాళి చేసిన అంకె పెరుగును. తగవు రేపిన పెరుగును. కృతికర్తలకు లేనిపోని మహిమలు కట్టి కథలల్లిన మరింత పెరుగును. రాగలక్షణమును ఓపికగా వివరించిన పెరుగదు. ఇట్లు కొన్నాళ్లు జరిగినతరువాత అతనికి పాఠకులుందురు, కాని వారు సంగీతమునకు పాఠకులు కారు, తగవులకు పాఠకులు. సంపాదించినది సంఖ్య, పోగొట్టుకొన్నది విషయము.

కావున పాఠకులను ఆకర్షించుట వేరు, పాఠకులను పెంచుట వేరు. ఈ రెంటిని విడదీయుటకొక సులభమైన పరీక్ష కలదు. ఆ వ్రాత చదివిన మనుజుడు మరునాడు కచేరీలో నిన్నటికంటె కొంచెమెక్కువ వినగలిగెనా? ఆ కృతిలో తనకు తెలియని పదము తెలిసినదా? రాగము పేరు చెప్పకముందే దాని పోకడను పోల్చుకొనగలిగెనా? అట్లైనచో ఆ వ్రాత ధర్మమును నెరవేర్చినది, చదివినవారు పదిమందియైనను సరియే. కాదేని, లక్షమంది చదివినను అది ప్రచారమేగాని విద్యాదానము కాదు.

ఈ పరీక్షకు నిలిచిన వ్రాతలు కొన్ని మనకు దగ్గరలోనే కలవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో అనంతపురమండలమున జన్మించి, తన ఉద్యోగజీవితమును మైసూరున మహారాజా కళాశాలయందు తెలుగు బోధించుచు గడపిరి. వారు సాహిత్యవిమర్శకులు, గాయకులు, స్వరకర్తలు. తాళ్లపాక కీర్తనలకు స్వరరచన చేసిరి. 1974లో మదరాసు సంగీత విద్వత్సభ వారిని 'సంగీతకళానిధి' బిరుదముతో గౌరవించినది. వారు తెలుగుననే గాక కన్నడమునను సంగీతమునుగూర్చి వ్రాసిరి. తాను నివసించు నేలయొక్క భాషలో చెప్పుట తన భాషకు ద్రోహము కాదని వారి జీవితమే చెప్పుచున్నది. ఇరుగుపొరుగువారికి మన సంగీతపు తలుపు తీసి చూపుట ఇచ్చట స్థిరపడిన మనవారు చేయదగిన అతిథిధర్మము. అట్లే ఆకాశవాణియందు పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు, తాను స్వరకర్తయు గాయకుడునై, 1958లో 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'ను ప్రకటించిరి. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. సంగీతమునుగూర్చి సంగీతజ్ఞుడు వ్రాసిన గ్రంథము సాహిత్యముగా గౌరవింపబడుట మనము గుర్తుంచుకొనదగిన విషయము. శ్రద్ధతో వ్రాసినచో సంగీతము తెలియనివారును చదువుదురని అది సాక్ష్యము.

ఇంతవరకు వ్రాయువాని ధర్మము చెప్పితిమి. ఇక చదువువారి ధర్మమునకు వత్తము. ఇచ్చట మన సంఘమువారు కొంచెము మనసు నొచ్చు మాటను వినవలసియున్నది.

1941లో అణ్ణామలైనగరమున తమిళ ఇసై మహాసభ జరిగినది. 1943లో మదరాసున తమిళ ఇసై సంఘము ఏర్పడినది. తమిళదేశపు సభలలో తమిళ కృతులకు తగిన స్థానము కావలెననియు, శ్రోతకు అర్థము కాని భాషలో గంటలకొలది పాడుట అన్యాయమనియు వారి వాదము. ఆనాడు పలువురు తెలుగువారు దీనిని తెలుగుపై దాడిగా భావించిరి. శాంతముగా ఆలోచించినచో ఆ వాదములో ఒక న్యాయము కలదు. శ్రోతకు అర్థము తెలిసికొను హక్కు కలదు. పాటలోని మాట తెలియని శ్రోతకు సగము పాటయే అందును. దానికి రెండు పరిష్కారములు: శ్రోత భాషలో పాటలను పాడుట ఒకటి, పాట భాషను శ్రోతకు తెలియజెప్పుట రెండవది. మొదటిదానిని తమిళులు ఉత్సాహముతో చేసికొనిరి, అది వారికి శోభయే. రెండవ పని ఎవరిది? తెలుగు తెలిసి, తమిళముగాని కన్నడముగాని ఒరియాగాని మరాఠీగాని ఇంటిప్రక్కన వినుచు పెరిగినవారిది. అనగా మనది. మనము త్యాగరాజు తెలుగువాడని గర్వించితిమి, కాని ఆయన మాటను ప్రక్కింటివానికి విప్పిచెప్పు పనిని చాలినంతగా చేయలేదు.

లిపివిషయమున చిక్కు ఎంత సూక్ష్మమో చూడుడు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒకే అక్షరము. అందుచేత తమిళ సంగీతపుస్తకములలో అక్షరము ప్రక్కన 2, 3, 4 అను చిన్న అంకెలనుంచి ఆ భేదమును చూపుదురు. ఆ అంకెలను గమనింపక పాడినచో పదమే మారిపోవును. తప్పు పాడినవానిది మాత్రమే కాదు, సరిగా చెప్పువారు లేకపోవుటదియు. ఆ అంకెలు వేసిన తమిళ సంపాదకులు చేసిన శ్రమ పొరుగుభాషయెడల గౌరవమునకు నిదర్శనము. అంతటి శ్రమ వారు మన భాషకొరకు చేయగా, ఆ అంకెల అవసరమే లేని లిపిని మన పిల్లలకు మనము నేర్పకుండుట ఎట్టి న్యాయము?

తిరువయ్యారున 1847వరకు జీవించిన త్యాగరాజుకృతులు మనవరకు వచ్చిన మార్గమును తలచినను ఇదే బోధపడును. ఆయన శిష్యులు వ్రాసికొనిరి. వారిలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. ఆ పరంపరవారి వ్రాతప్రతులు మధుర సౌరాష్ట్రసభయందు భద్రపరుపబడినవి. తెలుగు తల్లిభాష కానివారు, తామును వలసవచ్చి మరొక నేల స్థిరపడినవారు, తెలుగు కృతులను తాళపత్రములలోను కాగితములలోను కాపాడి మనకిచ్చిరి. వారు మొదట చదువరులు, పిదప కాపాడువారు. చదువుట కేవలము భోగము కాదు, ధరించి నిలుపుటయును అందులో భాగమేయని వారి నుండి నేర్చుకొందము.

ఇంతకు మనము చేయదగిన పని పెద్దది కాదు. మన సంఘములలో సంగీతము నేర్పువారు, పాడువారు, వీణ వయొలిన్ వాయించువారు పలువురు కలరు. వారిని ఏటేట సన్మానించి శాలువ కప్పుచున్నాము. శాలువతోపాటు వారినుండి ఒక వ్రాతను కోరుదము. ఒక్క కృతిని గూర్చి మూడు పుటలు చాలును. కృతియందలి పదములను విడదీసి అర్థము, అది ఏ గురువునొద్ద ఎట్లు నేర్చిరి, పాఠాంతరములున్న అవి ఏవి, రాగములో ప్రారంభకుడు చెవినొగ్గి వినవలసిన స్థలము ఎచ్చట. తెలిసినది తెలిసినట్లును, వినికిడి మాత్రమైనదానిని వినికిడి యనియు వ్రాయవలెను. గురువు పేరు చెప్పవలెను, తన పేరు ఒక్కసారి చెప్పిన చాలును. దానిని తెలుగున ఒక ప్రక్కను, ఆ ఊరి భాషలో మరొక ప్రక్కను అచ్చువేయుదము. ఇట్టి వ్రాతలు నియమముగా వచ్చుచుండవలెను. ఏడాదికి ఒకసారి పది కృతులకంటె మాసమునకొక కృతి మేలు, పాఠకుని అలవాటు అట్లే ఏర్పడును గనుక.

చదువువారు చేయవలసినదియు కొంత కలదు. మెచ్చి ఊరకుండుట కాదు, అర్థము కానిచోట అడుగవలెను. భాత్‌ఖండే పుస్తకములలోని శిష్యుడు అడిగినట్లు అడుగవలెను. ప్రశ్న లేని వ్రాత సభలో ఒంటరిగా మ్రోగు తంబురవంటిది. శ్రుతి ఉండునేగాని రాగము సాగదు. ఒక ప్రశ్న వచ్చినచో విద్వాంసుడు మరల వ్రాయును. ఆ రెండవ వ్రాత మొదటిదానికంటె స్పష్టముగా నుండును. పాఠకుడు వ్రాతకు వెలుపల నిలిచినవాడు కాడు, దానిని పూర్తిచేయువాడు.

ఇండ్లలో తల్లిదండ్రులు చేయవలసిన పని మరింత సులభము. సంగీతము నేర్చు పిల్లవానిచేత, నేర్చిన కృతినొక్కదానిని తెలుగు అక్షరములలో వ్రాయింపుడు. మొదట తప్పులు పడును, పడనిండు. ఒక కృతికి పది పండ్రెండు పంక్తులకు మించవు. ఏడాదికి ఇరువది కృతులు వ్రాసినచో లిపి చేతికి వచ్చును. పాఠశాలలో తెలుగు లేని ఊళ్లలో ఇదియే పాఠశాల. పాటకొరకు లిపి, లిపివలన పాట, రెండును నిలుచును.

ఆ పిల్లవాడే రేపు ఎవరో విద్వాంసుడు తెలుగున వ్రాసిన మూడు పుటలను చదువగలవాడు. అట్టివారిని ఊరికి పదిమందిని మనము పెంచగలిగినచో, ఇప్పుడు మనలో వ్రాయదలచియు "చదువువారెవరు?" అని సంకోచించి కలము దింపుచున్న విద్వాంసులకు ఆ సంకోచము తొలగును. ఎట్టయపురపు వృద్ధుడు పెద్ద పుస్తకమునకు వెనువెంటనే చిన్న పుస్తకమును వ్రాసినది ఇందుకే. ఈ సంచికను చదువుచున్న ప్రతి కుటుంబమును ఈ సంవత్సరము ఒక్క కృతితో ఆ పనిని ఆరంభించుగాక!